తేనెతుట్టెను కదపవచ్చునా?

ఊరిలో ఎవరైనను లేనిపోని తగవును రేపినచో "తేనెతుట్టెను కదిపినాడు" అందురు. ఈ మాటలో అనుభవము కలదు గాని సంపూర్ణమైన తెలివిడి లేదు. తేనెతుట్టెను కదపవచ్చును. అయితే ఏ తుట్టెను, ఏ వేళ, ఎవరు, ఏ విధముగా కదపవలెనో తెలిసి కదపవలెను. తెలియక కదిపినవానికి ముల్లుపోట్లు దక్కును; కాల్చినవానికి పాపము దక్కును. ఈ రెండును నాకు దక్కినవి. ఆ పిదపనే మూడవ మార్గమొకటి కలదని తెలిసికొంటిని. తోటి ఉపాధ్యాయులకును, విద్యార్థులకును ఉపయోగపడునను తలంపుతో ఆ సంగతి ఇచట వ్రాయుచున్నాను.

మన సాహిత్యమున తేనెకు గల గౌరవము తేనెటీగకు లేదు. కవులు పూవుల చుట్టును త్రిప్పినది తుమ్మెదను. ఆ నల్లని తుమ్మెద ఎండుకట్టెను, వెదురును తొలిచి కాపురముండు వేరొక జాతి. మనము తిను తేనెను కూర్చునది అది కాదు. శతకకారులు తేనెటీగను తలచుకొన్నను, కూడబెట్టి పరులపాలు చేయు లోభికి పోలికగా తలచుకొనిరి. ఇక రామాయణములో, సీతమ్మ జాడ తెలిసికొని మరలివచ్చిన వానరులు సుగ్రీవుని మధువనములో చొరబడి, కావలియున్న దధిముఖుని కొట్టి, కడుపార తేనె త్రాగి చిందులు త్రొక్కిన కథ మనకందరకు తెలిసినదే. ఆ సంబరములో ఈగల గోడు ఎవరికి పట్టినది?

రావిచెట్టు మీది పట్టు

మా పాఠశాల కోనసీమలో ఒక కాలువగట్టున ఉన్నది. చాల ఏండ్ల క్రిందట ఒక మాఘమాసమున, ఆవరణలోని రావిచెట్టు కొమ్మకు చేటంత తేనెపట్టు పట్టినది. వారము తిరుగకముందే అది రెండింతలైనది. ఎవరో పిల్లవాడు రాయి విసరెను. రాయి విసరిన వాడు తప్పించుకొనెను. ఏ పాపమెరుగని ఆరవ తరగతి బాలుని పది పదునైదు ఈగలు కుట్టినవి. బాలుడు రెండు దినములలో కోలుకొనెను గాని తలిదండ్రులు వచ్చి నిలదీసిరి. ఆ రాత్రి ఎండు కొబ్బరాకులతో దివిటీ కట్టించి పట్టును కాల్పించితిమి. "కాల్పించితిమి" అనుటలో నేనును ఉన్నాను. దివిటీకి కిరసనాయిలు తెచ్చినవాడను నేనే.

మరునాటి ఉదయము పిల్లలు చీపుళ్ళతో చచ్చిన ఈగలను గంపల కెత్తిరి. క్రింద పడిన పట్టులో తేనె దోసెడైనను లేదు. గదుల నిండ తెల్లని మెత్తని పురుగులు. కొన్ని ఇంకను కదలుచున్నవి. ఏడవ తరగతి బాలిక యొకతె ఆ ముక్కను చేతబట్టుకొని వచ్చి, "మాస్టారండీ, ఇవి వాటి పిల్లలాండీ?" అని అడిగినది. సైన్సు చెప్పు మాస్టారునై యుండియు "అవునమ్మా" అను ఒక్క మాట తప్ప నాకు వేరేమియు తోచలేదు. చుట్టుప్రక్కల తోటలలో తేనె తీసి అమ్ముకొను ముసలి తాత యొకడు ఆ దారిని పోవుచు నిలబడి, "ఇంకో రెండు నెలలు ఓపిక పట్టుంటే వాటంతట అవే ఎళ్ళిపోయేవి కదండీ" అనెను. ఆ మాట దివిటీకంటె ఎక్కువగా కాల్చినది.

ఇది ఏ ఈగ?

ఆ తాత మాటలోని శాస్త్రము నాకు తరువాత తెలిసినది. ముల్లులేని చిన్న జాతులను విడిచిపెట్టిన, మనకు తేనె నిచ్చు ఈగలు ముఖ్యముగా నాలుగు విధములు. మొదటిది కొండ తేనెటీగ. పెద్ద చెట్ల కొమ్మలకు, కొండచరియలకు, వంతెనలకు, నీటి ట్యాంకులకు ఒకే యొక పెద్ద పట్టును బయలున వ్రేలాడదీయును. ఋతువును బట్టి పూవులున్న చోటికి వలస పోవుట దాని స్వభావము. రెండవది విసనకర్ర తేనెటీగ. ఇది పొదలలో సన్నని రెమ్మకు అరచేయంత పట్టు పెట్టును. మూడవది పుట్ట తేనెటీగ. చెట్టు తొర్రలలో, పాడుపుట్టలలో, గోడ సందులలో, బోర్లించిన కుండలలో చీకటి నాశ్రయించి, ఒకదాని ప్రక్క నొకటిగా అనేక పట్టులు కట్టుకొనును. నాలుగవది ఐరోపా తేనెటీగ. ఇది 1960వ దశకములో నేటి హిమాచల ప్రదేశమునందలి నగరోటాలో మన దేశమున తొలుత నిలద్రొక్కుకొని, నేడు ఆవాల, పొద్దుతిరుగుడు పొలముల వెంట పెట్టెలలో ఊరూర తిరుగుచున్నది.

వీనిలో చీకటింట కాపురముండు చివరి రెండు జాతులు మాత్రమే పెట్టెలో ఇమిడి యుండును. బయలున ఒంటిపట్టు పెట్టు మొదటి రెండింటిని పెట్టెలో నిలుపుట సాధ్యము కాదు. కావున తుట్టె కంటబడినంతనే అడుగవలసిన మొదటి ప్రశ్న "ఎట్లు తీయవలెను?" అనునది కాదు, "ఇది ఏ ఈగ?" అనునది. కొండ తేనెటీగయైనచో, మనుష్యుల రాకపోకలకు దూరముగా నున్నంతవరకు దాని జోలికి పోకుండుటయే వివేకము. రాయి, పొగ, తేనెగద్ద దాడి వంటి కారణమేదో లేనిదే అది ఊరక మీదపడదు. పడినచో మాత్రము ఈగలన్నియు ఒక్కుమ్మడిగా వచ్చును.

కొండ తేనెటీగ తేనెను తీయువారు లేకపోలేదు. నల్లమలలోని చెంచులు నిలువు కొండచరియలపై త్రాళ్ళు వ్రేలాడదీసి, పట్టు నందుకొనుట తరతరాల విద్య. పైన త్రాటిని పట్టుకొని నిలుచువాడు బావమరిది కావలెనట; అక్కచెల్లెలి పసుపుకుంకుమలు తన చేతిలో నున్నవి గనుక వాడు త్రాడు విడువడని వారి నమ్మకమని చెప్పుదురు. మనకు తెలియవలసిన దేమనగా, ఆ పట్టులో తేనె ఒక భాగమున పెద్ద గడ్డగా నుండును. పిల్లలు మిగిలిన భాగమున నుండును. తేనె గడ్డను మాత్రమే కోసి పిల్లల భాగమును విడిచినచో తుట్టె బ్రదుకును. మొత్తము కోసినను, కాల్చినను ఆ కుటుంబము నశించును. ఒక్క కత్తివేటులోనే తేడా కలదు.

పెట్టె పుట్టిన కథ

ఈగను చంపకుండ తేనె తీయుట యెట్లను ప్రశ్నకు లోకము చాలకాలము సమాధానము చెప్పలేకపోయినది. తుట్టె లోపల ఏమి జరుగుచున్నదో తెలియకపోవుటయే కారణము. ఆ చీకటిలోనికి మొదట చూచినవారిలో ప్రముఖుడు కన్నులు లేని వాడగుట విచిత్రము. 1750లో జెనీవాలో పుట్టిన ఫ్రాంస్వా హ్యూబర్ యౌవనముననే చూపు కోల్పోయెను. పుస్తకము పుటలవలె తెరచుకొను పట్టుల పెట్టె నొకదానిని చేయించి, తన సేవకుడైన బర్నెన్స్ చూచి చెప్పగా ప్రశ్న వెంట ప్రశ్న వేసి, 1792లో తేనెటీగలను గూర్చి గొప్ప గ్రంథమును ప్రకటించెను. కన్నులు సేవకునివి, చూపు హ్యూబరుది. విజ్ఞానశాస్త్రము బోధించువారు ఈ కథను విద్యార్థులకు తప్పక చెప్పవలెను.

పిమ్మట 1851లో అమెరికాలో, మతాచార్యుడును, ఒకప్పుడు బాలికల పాఠశాలను నడిపినవాడును అగు లాంగ్‌స్ట్రాత్ ఒక చిన్న సంగతిని గుర్తించెను. ఈగలు తమ రాకపోకలకు 6 నుండి 9 మిల్లీమీటర్ల సందును ఖాళీగా విడిచిపెట్టును. సందు అంతకన్న ఇరుకైనచో జిగురుతో పూడ్చును. వెడల్పైనచో పట్టు కట్టును. పెట్టె గోడకును చట్రమునకును నడుమ ఆ సందునే విడిచినచో పట్టు గోడకంటుకొనదు. చట్రమును పుస్తకమువలె పైకి తీసి చూచి మరల నుంచవచ్చును. 1865లో రుష్కా యను నాతడు పట్టును చితుకకుండ గుండ్రముగా త్రిప్పి తేనెను రాబట్టు యంత్రమును కనిపెట్టెను. ఖాళీయైన పట్టును తిరిగి ఈగల కిచ్చివేయవచ్చును. మన పుట్ట తేనెటీగ చిన్నది గనుక దానికి తగిన చిన్న పెట్టె కావలసివచ్చినది. దానిని తిరుచిరాపల్లిలో నుండిన న్యూటన్ అను క్రైస్తవ గురువు 1911-17 సంవత్సరముల నడుమ రూపొందించెను. దక్షిణదేశమున నేటికిని అది ఆయన పేరనే చలామణి యగుచున్నది. క్రింది అరలో ఏడు చట్రములు పిల్లలకు. పై అర తేనెకు. మనము ముట్టవలసినది పై అరను మాత్రమే.

మా మొదటి ఓటమి

రావిచెట్టు సంగతి జరిగిన మరుసటి సంవత్సరము మా సామానుగది గోడ సందులో పుట్ట తేనెటీగలు చేరినవి. ఈసారి కాల్చరాదని నిశ్చయించి, ఒక న్యూటన్ పెట్టెను తెప్పించి, ముసలి తాతను పిలిపించితిమి. తాత కొబ్బరిపీచు పొగ పెట్టి, రెండిటుకలు తీసి, పట్టులను కోసి యిచ్చెను. పెట్టెను నలుబది అడుగుల దూరమున తోటలో నుంచితిమి. తీసిన తేనె నంతయు ఉపాధ్యాయుల గదిలో గ్లాసులతో పంచుకొంటిమి. "పెట్టెలో కాసింత ఉంచండి మాస్టారూ" అని తాత చెప్పుచునే యుండెను. "పూవు లెన్ని లేవు, మరల తెచ్చుకొనవా!" అని మేము నవ్వితిమి.

మరునాడు తెల్లవారగనే మేతకు పోయిన ఈగలు పెట్టెకు రాక, పాత గోడకే వచ్చి, మూసిన సందు వద్ద గుత్తిగా వ్రేలాడినవి. ఈగకు తెలిసినది ఇల్లు కాదు, ఇల్లున్న చోటు. నలుబది అడుగులు జరిపినను అది దానికి పరదేశమే. పెట్టెలో మిగిలినవానికి తిన తిండి లేదు. మూడవనాడు మధ్యాహ్నము పెట్టెలోనివన్నియు ఒక్క రొదతో పైకి లేచి, కొబ్బరితోటల మీదుగా వెడలిపోయినవి. ఇల్లు నచ్చకున్న విడిచిపోవుట ఈ జాతికి సహజము. గ్లాసులు కడుగుకొన్న చేతులతో మేము ఆకాశము వంక చూచుచు నిలబడితిమి. మధువనములో వానరులెవరో ఆనాడు నాకు స్పష్టముగా తెలిసినది.

రెండవ ప్రయత్నము

ఏడాది గడచిన పిదప వంటశాల వెనుక బోర్లించిన పాత కాగులో మరియొక తుట్టె చేరినది. ఈసారి తాత చెప్పినట్లు వింటిమి. ఎండ తగ్గినవేళ పలుచని పొగ పెట్టితిమి. పొగ తగిలినచో ఈగలు ఇల్లు విడువవలసి వచ్చునేమో యని కడుపునిండ తేనె త్రాగును. పైగా అపాయమును తెలుపు వాసన ఒకదాని నుండి మరొకదానికి సోకకుండ పొగ కప్పివేయును. ఆ అపాయపు వాసన మగ్గిన అరటిపండు వాసనను పోలియుండునని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. అందుచేత అరటిపండు తిని తుట్టె దగ్గరకు పోరాదు.

కాగును మెల్లగా వెల్లకిల జేసి, తాత ఒక్కొక్క పట్టును మొదలంట కోసెను. పట్టు పైభాగమున తేనె, దాని క్రింద పుప్పొడి, ఆ క్రింద పిల్లలు. పిల్లల భాగమును చట్రమునకు సరిపడునట్లు కత్తిరించి, తలక్రిందులు కాకుండ నిలిపి, అరటినారతో కట్టితిమి. పొడవైన పొట్టతో నున్న రాణిని గుర్తించి పెట్టెలోనికి విడిచి, కూలి ఈగలు దాటగలిగి రాణి దాటలేని సన్నని తలుపు పెట్టితిమి. తక్కిన ఈగలను తాత చేటలోని బియ్యము నెత్తినట్లు వట్టి చేతులతో దోసిట నెత్తి పెట్టెలో పోసెను. కొంతసేపటికి కొన్ని ఈగలు గుమ్మమున నిలిచి, తోక పైకెత్తి రెక్కలాడింపసాగినవి. "రాణి లోపలుందని కబురెడతన్నాయండి" అనెను తాత. వెలుపల నున్నవన్నియు బారులు తీరి లోనికి నడచినవి.

చీకటి పడిన తరువాత గుమ్మము మూసి, పెట్టెను మూడు కిలోమీటర్ల దూరముననున్న మిత్రుని తోటకు చేర్చితిమి. తేనెతోకూడిన పట్టులలో సగము వాటికే విడిచితిమి. సాయంకాలములందు పంచదార పాకము పెట్టితిమి. వారము దినములలో ఈగలు పట్టులను చట్రములకు మైనముతో అతికించుకొని, అరటినారను కొరికి పోగులు పోగులుగా గుమ్మము బయట పారవేసినవి. పదునైదు దినముల తరువాత పెట్టెను పాఠశాలకు తెచ్చి, చీమలెక్కకుండ కోళ్ళను నీటి గిన్నెలలో నుంచితిమి. ఈసారి అవి నిలిచినవి.

పెట్టె చెప్పిన పాఠములు

మొదటి సంవత్సరము మేము తేనె తీయలేదు. రెండవ సంవత్సరమున పై అరనుండి రెండు కిలోలు తీసితిమి. ఇది వ్యాపారము కాదు. దీని లాభము వేరు. పిల్లలొక నోటుపుస్తకము పెట్టి, ఏ వేళ ఎన్ని ఈగలు పుప్పొడితో వచ్చుచున్నవో, ఆ ముద్దల రంగేమిటో, ఆ రంగు ఏ పూవుదో వ్రాయసాగిరి. వెనుక పాఠ్యపుస్తకమున చదివి మరచిన పరాగ సంపర్కము ఇప్పుడు వారి కన్నులయెదుట నడచివచ్చినది. వరి తన పుప్పొడితో తానే గింజ కట్టుకొనును. దానికి ఈగతో పనిలేదు. గుమ్మడి, దోస పాదులకు మగపూవు వేరు, ఆడుపూవు వేరు. నడుమ మధ్యవర్తి లేనిదే పిందె నిలువదు. మనము తేనెటీగకు ఋణపడియున్నది తేనెకంటె ఎక్కువగా ఇందుకే.

మేతనుండి వచ్చిన ఈగ పట్టుపై అడ్డముగా ఊగుచు నాట్యమాడి, మేత ఏ దిక్కున ఎంత దూరమున నున్నదో తోటి ఈగలకు తెలుపును. నిట్టనిలువు గీతకు ఆ నాట్యము ఎంత వాలియున్నదో, సూర్యుని దిక్కునకు మేత అంత ప్రక్కగా నున్నదని అర్థము. ఈ భాషను విప్పిచెప్పిన కార్ల్ ఫాన్ ఫ్రిష్‌కు 1973లో నోబెల్ బహుమానములో భాగము లభించినది. మరియు ఈగ కూడబెట్టునది లోభము చేత కాదు. పూవులు లేని వానకారులో పిల్లలను బ్రదికించుకొనుటకు కూడబెట్టును. ఒక్కొక్క కూలి ఈగ బ్రదుకు పనికాలములో ఆరు వారములు. అది జన్మమంతయు శ్రమించి కూర్చునది చెంచాడుకన్న చాల తక్కువ. తాను కూర్చిన తేనెను తిను వేళకు తానుండదు. దానిని లోభియనుట న్యాయము కాదని, శతక పద్యము చెప్పవలసివచ్చినప్పుడెల్ల నా విద్యార్థులకు చెప్పుచున్నాను.

అడవి తుట్టెలను కాపాడుటకు మరియొక కారణము కలదు. 1991-92 ప్రాంతమున పురుగుదశలోనే పిల్లలను చంపు వైరస్ తెగులొకటి దక్షిణదేశమునకు వ్యాపించి, కేరళ మొదలగు రాష్ట్రములలో పెట్టెలలోని పుట్ట తేనెటీగలను చాలవరకు తుడిచిపెట్టినది. తెగులుకు చావక మిగిలిన తుట్టెలనుండియే పెంపకము మరల తలయెత్తినది. గోడ సందులో మనము కాల్చు తుట్టె అట్టి గట్టి విత్తనమే కావచ్చును.

ఉత్సాహవంతులకు హెచ్చరిక

ఇది చదివి విద్యార్థులెవరును తుట్టెలమీదికి పోరాదు. పుట్ట తేనెటీగను తరలించుట కూడ అనుభవజ్ఞుని ప్రక్కన నిలిచి, ముసుగు ధరించి నేర్వవలసిన విద్య. కొండ తేనెటీగను ముట్టుకొనుట మనబోటివారి పని కానేకాదు. ఈగ కుట్టినచో ముల్లును తక్షణమే తీసివేయవలెను. ఎట్లు తీసితిమనుదానికంటె ఎంత త్వరగా తీసితిమనునదే ముఖ్యము. ఊపిరాడకున్నను, ముఖము వాచినను, ఒడలెల్ల దద్దురులు లేచినను ఒక్క నిముషమైన జాగుచేయక ఆసుపత్రికి చేర్చవలెను. గుంపుగా తరిమినప్పుడు చేతులాడింపక, తల కప్పుకొని, పరుగున పోయి తలుపులున్న గదిలో చేరవలెను. తోటలు గలవారు పూతమీద పురుగుమందు చల్లకుండుట అన్నిటికంటె పెద్ద ఉపకారము.

ఏటేట మే 20వ తేదీని ప్రపంచ తేనెటీగల దినముగా జరుపవలెనని ఐక్యరాజ్యసమితి 2017లో తీర్మానించినది. ఆ దినమున మన పాఠశాలలకు వేసవి సెలవులు. అందుచేత మేము ఆ పండుగను ముందుగనే జరుపుకొనుచున్నాము. జరుపుకొనుట యనగా, పెట్టె మూత తీసి చూచి, మరల మూయుట.

మొన్నటి మాఘములో రావిచెట్టుపై మరల కొండ తేనెటీగలు పట్టు పెట్టినవి. చెట్టు చుట్టును త్రాడు కట్టి, ఆటస్థలమును అవతలి ప్రక్కకు మార్చితిమి. త్రాటికి పిల్లలొక అట్ట వ్రేలాడదీసిరి: "ఇక్కడ కాపురమున్నారు. రాళ్ళు వేయరాదు." తలిదండ్రులు వచ్చి అడిగిరి; పిల్లలే సమాధానము చెప్పిరి. ఆ ఏడాది ఎవరిని ఒక్క ఈగయు కుట్టలేదు. మృగశిర కార్తె రాకముందే ఒకనాటి ప్రొద్దున అవి వెడలిపోయినవి. కొమ్మకు తెల్లని ఖాళీపట్టు మాత్రము మిగిలినది. గాలికి విరిగి క్రిందపడిన దాని ముక్క నొకదానిని తెచ్చి నా బల్లపై నుంచుకొన్నాను. దాని గదులలో పురుగులు లేవు. పిల్లలు పెరిగి రెక్కలు వచ్చి ఎగిరిపోయినారు.